అమెరికాలో ఒక్క ఏడాది చదువు: ఎంచుకునే హక్కు ఎవరికుంది?

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా బస్టాండు చుట్టుపక్కల కాసేపు తిరిగితే అమెరికా చదువుల కన్సల్టెన్సీ బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. టాప్ ర్యాంకు యూనివర్సిటీలు, గ్యారంటీ వీసా, బ్యాంకు లోన్ సౌకర్యం. బోర్డు మీద ఈ మూడు మాటలూ ఉంటాయి. కైకలూరు దాటి కొల్లేటికోట వైపు లంక గ్రామాల్లోకి వెళ్తే ఆ బోర్డులు ఉండవు. పెద్దింట్లమ్మ జాతర ఊళ్లుగానో, పక్షుల కేంద్రాలుగానో, చేపల చెరువుల ఊళ్లుగానో మాత్రమే పత్రికలకెక్కే ఈ ప్రాంతంలో ఇప్పుడు డిగ్రీ దాకా వచ్చిన దళిత పిల్లలున్నారు. చెరువుల మీద కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు గురుకులాల్లో చదివి, నూజివీడు ట్రిపుల్ ఐటీకో, తాడేపల్లిగూడెం నిట్‌కో, దగ్గర్లోని డిగ్రీ కాలేజీకో చేరుతున్నారు. వాళ్లలో ఒకరు "అమెరికాలో ఒక ఏడాది చదివి తిరిగి రావాలంటే ఏ యూనివర్సిటీ ఎంచుకోవాలి?" అని అడిగితే మన దగ్గర ఏ జవాబుంది?

కన్సల్టెన్సీ జవాబు ర్యాంకు. ప్రభుత్వ పథకాల జవాబు కూడా ర్యాంకే. ఈ రెండు జవాబులూ మన పిల్లల పరిస్థితిని లెక్కలోకి తీసుకోవడం లేదు. దళిత విద్యార్థి చూడాల్సిన కొలతలు వేరే ఉన్నాయి, ర్యాంకు వాటి తర్వాత వస్తుంది. ఇంతకు ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. అసలు ఎంచుకునే అవకాశం మనవాళ్ల దాకా వస్తోందా అన్నది ఆ సంగతి.

మూడు దారులు

ఒక భారతీయ విద్యార్థి డిగ్రీ మధ్యలో అమెరికా వెళ్లి ఒక సెమిస్టరో ఏడాదో చదివి రావడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం. ఇక్కడి నుంచి ఒకరు అక్కడికి, అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి. విద్యార్థి తన సొంత కాలేజీ ఫీజే కడతాడు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. అమెరికా చదువుకు ఉన్న దారుల్లో చవకైనది ఇదే. అయితే ఎంపిక ఒప్పందం ఉన్న యూనివర్సిటీల జాబితాకే పరిమితం.

రెండోది అమెరికా ప్రభుత్వ ఖర్చుతో నడిచిన కార్యక్రమాలు. బడి పిల్లలకు కెన్నెడీ-లూగర్ యస్ కార్యక్రమం, పెద్దవాళ్లకు ఒక విద్యా సంవత్సరం పాటు కమ్యూనిటీ కాలేజీ ఇనిషియేటివ్ అలాంటివి. ఖర్చంతా వాళ్లదే. కానీ ఏ ఊరు, ఏ కాలేజీ అన్నది విద్యార్థి ఎంచుకోడు. ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాలి.

మూడోది సొంత డబ్బు. ఇక్కడ ఎంపికకు హద్దు లేదు. డబ్బున్న మేరకు ఎంచుకోవచ్చు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బున్న కుటుంబానికి పూర్తి ఎంపిక. మంచి పేరున్న సంస్థలో సీటు దొరికినవాళ్లకు కొంత ఎంపిక. పేదవాళ్లకు ఎంపిక లేని అవకాశం. అవకాశం చిన్నదని దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివి 2014లో ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ ఆ తర్వాత అమెరికాలో మిన్నెసోటా స్టేట్ యూనివర్సిటీలో చదువుకున్నారు. ఆ యూనివర్సిటీ ఏ ప్రపంచ ర్యాంకుల జాబితాలోనూ పైన కనిపించదు. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం నుంచి వెళ్లిన అమ్మాయికి ఆ చదువు ఎంత విలువైనదో చెప్పడానికి ర్యాంకు పట్టిక పనికిరాదు.

ఆ రెండో దారి కూడా ఇప్పుడు ఇరుకైపోయింది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం విదేశాంగ శాఖ నడిపే విద్యా మార్పిడి కార్యక్రమాలకు నిధులు నిలిపివేసింది. ఆ తర్వాతి ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలో ఆ పద్దును దాదాపు తుడిచిపెట్టాలని అడిగింది. ఖర్చు లేకుండా వెళ్లే దారి మీద ఇక గట్టి ఆశ పెట్టుకోలేం. కాబట్టి మొదటి దారి, అంటే విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందాలు, మనకు ఇంతకు ముందు కంటే ముఖ్యం.

ఒప్పందం ఎవరితో చేసుకుంటారు?

మార్పిడి అన్న మాటలోనే ఒక షరతుంది. మన పిల్లలు అక్కడికి వెళ్లాలంటే వాళ్ల పిల్లలు ఇక్కడికి రావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998లో "స్టడీ ఇన్ ఇండియా" కార్యక్రమం మొదలుపెట్టింది. అమెరికన్ విద్యార్థులు అక్కడికి వచ్చి సెమిస్టరు చదివి వెళ్లే ఏర్పాటు చేసుకుంది. అలాంటి చోటికి విదేశీ విద్యార్థి వస్తాడు. అతనికి హాస్టలు, ఇంగ్లీషులో పాఠాలు, చూసుకోవడానికి ఒక ఆఫీసు ఉంటాయి. మండల కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి అలాంటి ఆఫీసు కాదు కదా, చాలా సబ్జెక్టులకు పర్మనెంటు లెక్చరర్లే ఉండరు.

నిబంధనలు కూడా ఈ తేడాను గట్టిపరుస్తున్నాయి. విదేశీ సంస్థలతో కలిసి ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీ నడపడానికి యూజీసీ 2022లో నియమాలు తెచ్చింది. విడిగా అనుమతి అక్కర్లేకుండా ఒప్పందం చేసుకోవాలంటే సంస్థకు న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు ఉండాలి, లేదా ఎన్ఐఆర్ఎఫ్ విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి 100లో ఉండాలి, లేదా ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ అయి ఉండాలి. అవతలి సంస్థ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 1000లో ఉండాలి. నాణ్యత కోసం పెట్టిన షరతు అంటారు. ఫలితం మాత్రం ఒకటే. నగరాల్లోని పెద్ద విశ్వవిద్యాలయాలకు, లక్షల్లో ఫీజు వసూలు చేసే ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు తలుపు తెరుచుకుంటుంది. దళిత పిల్లలు ఎక్కువగా చదివే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు మూసుకుంటుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రకటనల్లో అమెరికా ఒప్పందాల జాబితాలు పెద్దగా కనిపించేది ఇందుకే. ఆ ఫీజు కట్టగలిగిన వాళ్లకే ఆ జాబితా.

కొల్లేటి వాళ్లకు ఈ తంతు కొత్త కాదు. 1970లలో సొసైటీల పేరుతో మత్స్యకారులకు, దళితులకు చేపల చెరువులు ఇచ్చారు. కాగితం మీద చెరువు మనది. లీజు మీద చెరువు దున్నుకున్నది బయటి పెట్టుబడి. 1999లో ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించి, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చినప్పుడు పని పోయింది కూలివాళ్లకి. లీజుదారు ఇంకో చోట చెరువు తవ్వుకున్నాడు. పథకం పేరు మనది, ఫలం వేరేవాళ్లది అన్న ఈ అనుభవంతోనే విదేశీ విద్యా పథకాలను కూడా చూడాలి.

ర్యాంకు కొలత దాచిపెట్టేది

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ విద్యార్థుల విదేశీ చదువుకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉండేది. 2022లో అప్పటి ప్రభుత్వం దాన్ని జగనన్న విదేశీ విద్యాదీవెనగా మార్చింది. అంబేడ్కర్ పేరు తీసేయడం మీద దళిత సంఘాలు నిరసన తెలిపాయి. 2024లో కొత్త ప్రభుత్వం అంబేడ్కర్ పేరు తిరిగి పెట్టింది. పేరు మీద ఇంత గొడవ జరిగింది. కొలత మీద మాత్రం అంత చర్చ జరగలేదు.

2022 పథకం క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 200 విశ్వవిద్యాలయాలకు వర్తించింది. తర్వాత సబ్జెక్టుల వారీగా మొదటి 50కి కుదించి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు గరిష్ఠంగా రూ.1.25 కోట్లు అన్నారు. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉండాలి. మొత్తం పెద్దదే. అందుకునేవాళ్లు ఎంతమంది? ప్రపంచంలో మొదటి 50లో ఉన్న యూనివర్సిటీలో సీటు తెచ్చుకోగలిగిన కొల్లేటి లంక పిల్లలెంతమంది? మెట్టు ఎంత ఎత్తుగా కడితే ఖజానా మీద భారం అంత తగ్గుతుంది.

ఇంకో సంగతి చూడండి. అమెరికాలో కులవివక్షను తమ వివక్ష వ్యతిరేక విధానంలో పేరుపెట్టి నిషేధించిన మొదటి విశ్వవిద్యాలయం మసాచుసెట్స్‌లోని బ్రాండైస్. ఆ నిర్ణయం 2019 డిసెంబర్‌లో వచ్చింది. 2021లో కోల్బీ కాలేజీ, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డేవిస్ అదే పని చేశాయి. 2022 జనవరిలో 23 క్యాంపస్‌ల కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ మొత్తం కులాన్ని చేర్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో బ్రౌన్ యూనివర్సిటీ చేర్చింది. వీటిలో క్యూఎస్ మొదటి 200లో ఉండేవి డేవిస్, బ్రౌన్ మాత్రమే. బ్రాండైస్ లేదు. కాలిఫోర్నియా స్టేట్ 23 క్యాంపస్‌లలో ఒక్కటీ లేదు. కోల్బీలాంటి డిగ్రీ కాలేజీలను ఆ జాబితా అసలు లెక్కించదు. కులం వల్ల దెబ్బతిన్నవాళ్ల కోసం పెట్టిన పథకం, కులవివక్షను తప్పని రాసుకున్న విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ వాటిని బయట ఉంచింది. ఎవరూ కావాలని చేసి ఉండకపోవచ్చు. పథకం రాసినవాళ్ల బల్ల మీద ఈ ప్రశ్నే రాలేదు. అసలు లోపం అక్కడే ఉంది.

కేంద్రం నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌ది ఇంకో కథ. దేశం మొత్తానికి ఏడాదికి 125 స్థానాలు. అందులో ఎస్సీలకు 115. మాస్టర్స్, పీహెచ్‌డీకే ఇస్తారు. ఒక ఏడాది మార్పిడికి ఇవ్వరు. 2022లో ఒక నిబంధన చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద అధ్యయనాలకు ఈ సాయం వర్తించదు. అంటే దళిత విద్యార్థి కులం మీద పరిశోధన చేయడానికి విదేశం వెళ్తానంటే ప్రభుత్వం డబ్బివ్వదు.

ఇక్కడ బాబాసాహెబ్ చదువును గుర్తు చేసుకోవాలి, ఫోటోకు దండ వేయడానికి కాదు, లెక్క చూడడానికి. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చారు. కొలంబియాలో ఆయన ఆర్థికశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4 కోర్సులు చదివారు. ఇష్టమైన క్లాసులో కూర్చునే స్వేచ్ఛ అక్కడ దొరికింది. 1916లో మానవశాస్త్ర సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. ఇప్పటి కేంద్ర నిబంధన ప్రకారం ఆ అంశం అర్హత లేనిది. 1917లో స్కాలర్‌షిప్ కాలం ముగియడంతో ఆయన లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. డబ్బు ఆగిపోతే అంబేడ్కర్ చదువైనా ఆగింది.

ఆ ఆగిపోవడం ఇప్పటికీ పోలేదు. 2025 జూలైలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు లేఖలిచ్చి, మిగతావాళ్లకు నిధులుంటే ఇస్తామన్నారు. సెప్టెంబర్‌లో తరగతులు మొదలయ్యే విద్యార్థికి జూలైలో ఆ మాట వినడమంటే ఏమిటో ఊహించండి. రాష్ట్ర పథకాల వాయిదాలు ఆలస్యమై, విదేశాల్లో పిల్లలు అప్పులు చేయాల్సి వచ్చిందన్న ఫిర్యాదులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి.

ర్యాంకు కూడా చూడకపోతే?

ర్యాంకు ఒక్కటే సరిపోదు అనడం అంటే దేనిలోనైనా చేరమని కాదు. ఏ కొలతా లేకుండా దళారి మాట నమ్మితే ఏమవుతుందో తెలుగువాళ్లు రెండుసార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అక్కడ చేరిన 1500 మందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన బోర్డు. అప్పుడు పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. విద్యార్థుల్ని చేర్పించిన దళారులుగా 8 మంది మీద కేసులు పెట్టారు.

ఇలాంటి ఉచ్చులో పడ్డ కుటుంబానికి పొలం ఉంటే పొలం అమ్మి తేరుకుంటుంది. మన కుటుంబాల చేతిలో ఉన్నది చాలాచోట్ల ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. రూ.7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. అందుకని మనవాళ్లు వడ్డీ వ్యాపారి దగ్గరికో, చెరువు యజమాని దగ్గరికో వెళ్తారు. ఒక్క తప్పు ఎంపిక రెండు తరాల్ని అప్పులోకి నెడుతుంది.

మన పిల్లలు చూడాల్సిన కొలతలు

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే, దళిత విద్యార్థి అమెరికా విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడు వరుసగా ఐదు ప్రశ్నలు వేసుకోవాలి.

డబ్బు ఎవరిది, ఎప్పుడు పడుతుంది? ట్యూషన్ మాఫీ అన్న మాటతో ఆగకూడదు. అద్దె, తిండి, తప్పనిసరి ఆరోగ్య బీమా, విమాన ఛార్జీలు ఎవరివో లిఖితంగా తెలుసుకోవాలి. మార్పిడి విద్యార్థికి సాధారణంగా జే-1 వీసా ఇస్తారు. దానికి యూనివర్సిటీ డీఎస్-2019 పత్రం పంపాలి. వీసా రుసుము 185 డాలర్లు, సెవిస్ రుసుము 220 డాలర్లు. చేతికి డబ్బు రాకముందే ఖర్చయ్యేవి ఇవి. జే-1 వాళ్లు చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు గురించి కూడా అడగాలి. ఆ షరతు వర్తించే నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబర్‌లో భారత్‌ను తీసేశారు. కానీ ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లకు షరతు అలాగే ఉంది.

కులం పేరు ఎక్కిందా? యూనివర్సిటీ వివక్ష వ్యతిరేక విధానం వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో కులం అన్న మాట ఉందో లేదో వెతకాలి. అమెరికా వెళ్తే కులం పోతుందని ఇంకా నమ్మేవాళ్లుంటే, రూమ్మేట్ల కోసం వెతుకుతున్నప్పుడు ఇంటిపేరు, ఊరు, ఏ వీధి అని ఎందుకు అడుగుతారో కనుక్కోండి. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ తిప్పికొట్టారు. అంటే చాలా రాష్ట్రాల్లో చట్టం అండ లేదు. క్యాంపస్ విధానమే దిక్కు. మాట రాసి ఉన్నంత మాత్రాన వివక్ష ఆగదు. ఫిర్యాదు చేయడానికి ఒక ఆధారం మాత్రం దొరుకుతుంది.

అక్కడ చదివింది ఇక్కడ లెక్కకొస్తుందా? క్రెడిట్లు బదిలీ అవుతాయని సొంత యూనివర్సిటీ నుంచి ముందే ఉత్తరం తీసుకోవాలి. లేకపోతే తిరిగొచ్చాక ఒక ఏడాది వెనకబడి, స్కాలర్‌షిప్ కాలం దాటిపోయి, డిగ్రీ మధ్యలో నిలిచిపోయే ప్రమాదం ఉంది.

మన బతుకుకు పనికొచ్చే చదువు ఉందా? ఇక్కడ ర్యాంకు కంటే విభాగం ముఖ్యం. కొల్లేటి విద్యార్థికి చేపల పెంపకం, నీటి కాలుష్యం, చిత్తడి నేలలు తెలిసిన విషయాలు. అలబామాలోని ఆబర్న్ యూనివర్సిటీ చేపల పెంపకం చదువుకు పేరుపడింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 1970ల నుంచి చిత్తడి నేలల అధ్యయన కేంద్రం ఉంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు పక్కన పుట్టిన పిల్ల ఆ తరగతిలో అందరికంటే తక్కువ తెలిసిన మనిషి అవ్వదు. అయితే ఆబర్న్ ఉన్న అలబామాలో వైవిధ్య కార్యాలయాలను నిషేధించే చట్టం 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. రెండో కొలత, నాలుగో కొలత ఇలా ఎదురుపడినప్పుడు ఏది వదులుకోవాలన్నది విద్యార్థి తెలిసి చేసే నిర్ణయం కావాలి.

పక్కన ఎవరుంటారు? ఆబర్న్‌కు దగ్గర్లోనే టస్కీగీ విశ్వవిద్యాలయం ఉంది. 1881లో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పిల్లల కోసం మొదలైన సంస్థ అది. ఇలాంటి నల్లజాతి విశ్వవిద్యాలయాలు మన కన్సల్టెన్సీల జాబితాల్లో కనిపించడం అరుదు. 1873లో జోతీరావు ఫూలే తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వం రద్దుకు పోరాడిన అమెరికన్లకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. డుబోయిస్ కాగితాలు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ గ్రంథాలయంలో ఉన్నాయి. 150 ఏళ్ల ఈ బంధుత్వాన్ని ఏ ర్యాంకూ కొలవదు. అంబేడ్కర్ అసోసియేషన్ ఆఫ్ నార్త్ అమెరికా, మేరీల్యాండ్‌లో 2023 అక్టోబర్‌లో అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టిన అంబేడ్కర్ ఇంటర్నేషనల్ సెంటర్ లాంటి సంస్థలు ఏ ఊళ్లకు దగ్గరో కూడా చూసుకోవాలి. కులాల వారీగా చీలిన తెలుగు సంఘాల పిక్నిక్కుల్లో మనకు దొరకని పలకరింపు అక్కడ దొరుకుతుంది.

ఇప్పటి అమెరికా

ఈ ఐదింటికి తోడు కాలం సంగతి కూడా చెప్పాలి. 2025 మే నెలాఖరున అమెరికా విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేసింది. జూన్‌లో తిరిగి మొదలుపెడుతూ, దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనపడేలా పెట్టాలని షరతు విధించింది. అంబేడ్కరైట్ విద్యార్థి ఫేస్‌బుక్ గోడ రాజకీయం లేకుండా ఉండదు. కారంచేడు, చుండూరు, రోహిత్ వేముల గురించి రాసిన పోస్టులను కాన్సులేట్ అధికారి ఎలా చదువుతాడన్న భయం పిల్లల్లో ఉంది. భయపడి చెరిపేయమని మనం చెప్పకూడదు. ఏ నిబంధన ఏమిటో తెలుసుకుని వెళ్లమనే చెప్పాలి.

అంబేడ్కర్ చదివిన కొలంబియాలో కూడా గాలి మారింది. 2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 40 కోట్ల డాలర్ల నిధులు రద్దు చేస్తే, యూనివర్సిటీ ఒత్తిడికి లొంగి మధ్యప్రాచ్య, దక్షిణాసియా, ఆఫ్రికా అధ్యయనాల విభాగాన్ని ఒక ఉన్నతాధికారి పర్యవేక్షణ కిందకు తెచ్చింది. జూలైలో 20 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకుంది. పెద్ద పేరు ఉన్నచోట స్వేచ్ఛ ఉంటుందన్న హామీ లేదని దీన్నుంచి నేర్చుకోవాలి.

ప్రభుత్వాన్ని ఏమడగాలి?

2023 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల నుంచి 10 మంది పిల్లలను అమెరికా తీసుకెళ్లారు. ఐక్యరాజ్యసమితిని, కొలంబియా విశ్వవిద్యాలయాన్ని చూపించారు. పిల్లలు గర్వంగా తిరిగొచ్చారు, మనమూ సంతోషించాం. రెండు వారాల పర్యటన చేయించగలిగిన రాష్ట్రం ఒక ఏడాది చదువు ఎందుకు ఇవ్వలేదు?

లెక్క వేస్తే ఇది అందని ఖర్చేమీ కాదు. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అమెరికాలో ఏడాది జీవన భృతిగా 15,400 డాలర్లు ఇస్తుంది. మన డబ్బులో సుమారు రూ.13 లక్షలు. ఇచ్చిపుచ్చుకునే ఒప్పందంలో అక్కడి ట్యూషన్ ఉండదు కాబట్టి ప్రధాన ఖర్చు ఇదే. ఒక విద్యార్థికి గరిష్ఠంగా ప్రకటించిన రూ.1.25 కోట్లతో దాదాపు తొమ్మిది మంది ఒక్కో ఏడాది చదివి రావచ్చు. పూర్తి డిగ్రీ సాయాన్ని తగ్గించమని దీనర్థం కాదు. దాని పక్కన ఇంకో పద్దు పెట్టమని.

ఇక్కడి ఫీజును రీయింబర్స్‌మెంట్ ఇప్పటికే భరిస్తోంది. అడ్డం వచ్చేది 75 శాతం హాజరు నిబంధన. అమెరికాలో క్లాసులో కూర్చున్న విద్యార్థి ఇక్కడి హాజరు పట్టీలో గైర్హాజరు అవుతాడు. విదేశీ సెమిస్టర్‌ను హాజరుగా లెక్కిస్తామని ఒక్క ఉత్తర్వు స్పష్టంగా ఇస్తే ఈ చిక్కు తీరుతుంది.

ఇక ఒప్పందాల సంగతి. ఒక్కో డిగ్రీ కాలేజీ విడిగా అమెరికాతో మాట్లాడలేదు. కృష్ణా విశ్వవిద్యాలయం, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం తమ అనుబంధ కాలేజీల తరఫున మాట్లాడవచ్చు. ఇచ్చిపుచ్చుకోవడానికి మన దగ్గరేముంది అంటే, కొల్లేరు ఉంది. ఆటపాక పక్షులు, బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురుగు, ఉప్పుటేరు పూడిక, వేల ఎకరాల చేపల చెరువులు, వాటి చుట్టూ కుల సంబంధాలు. నీటిని, వ్యవసాయాన్ని, సమాజాన్ని చదివే అమెరికన్ విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠశాల దొరకదు. వాళ్లు ఒక సెమిస్టర్ ఇక్కడికొస్తే, మన పిల్లలకు అక్కడ కుర్చీ వస్తుంది. ఆ కుర్చీల్లో ఎస్సీ, ఎస్టీలకు వాటా మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి. తర్వాత అడిగితే రాదు.

చివరగా, విదేశీ విద్యా పథకాల అర్హత నుంచి ర్యాంకు ఒక్కటే అన్న షరతు తీసేయాలి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ అయి ఉండటం, కులవివక్షపై విధానం ఉండటం, సంబంధిత విభాగం బలంగా ఉండటం అర్హతలుగా చేర్చాలి. కులం మీద పరిశోధనకు సాయం నిరాకరించే కేంద్ర నిబంధనను రద్దు చేయాలి. మన సంఘాలు ఏప్రిల్ 14న విగ్రహాల దగ్గర వినతిపత్రాలు ఇచ్చేటప్పుడు ఇళ్ల స్థలాలు, భూములతో పాటు ఈ డిమాండ్లు కూడా ఉండాలి. కైకలూరు మండలంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయికి వచ్చే ఏడాది ఏ యూనివర్సిటీ అని ఎంచుకునే అవకాశం రావాలంటే, దరఖాస్తు గడువుల కంటే ముందే ఈ ఉత్తర్వులు రావాలి.